అంతరిక్ష కృషీవలుడు సతీష్ ధావన్

పాఠ్యభాగ పరిచయం

శ్రీహరికోట పేరు వినని తెలుగు విద్యార్థి ఉండడు. అక్కడి ప్రయోగకేంద్రానికి ఎవరి పేరు పెట్టారో ఆ మహనీయుని జీవితం మాత్రం చాలామందికి తెలియదు. భారత అంతరిక్ష పరిశోధనకు పన్నెండేళ్ళపాటు సారథ్యం వహించిన ఆచార్య సతీష్ ధావన్ జీవితాన్ని ఈ పాఠం పరిచయం చేస్తుంది. నేడు ప్రపంచాన్ని కలవరపెడుతున్న అంతరిక్ష వ్యర్థాల సమస్యను కూడా ఆ జీవితం వెలుగులో వివరిస్తుంది. ఒక పనిని తలపెట్టినవారు దాని ఫలితంతోపాటు దాని శేషానికి కూడా బాధ్యులేనన్న భావన విద్యార్థులలో కలిగించడం ఈ పాఠం ఉద్దేశం.

*

రాయలసీమలో నాపరాతికి పేరుపొందిన ఊళ్ళలో బేతంచెర్ల ఒకటి. పూర్వం కర్నూలు జిల్లాలో ఉండి, 2022లో నంద్యాల జిల్లాలో చేరిన ఈ ఊరి చుట్టుపక్కల నేలను తవ్వి బండలు తీస్తారు. ఆ బండలు పాలిష్ ఫ్యాక్టరీలలో నునుపుదేలి, ఎక్కడెక్కడి ఇళ్ళలోనో గచ్చుగా పరచుకుంటాయి. ఎందరో శ్రామికులకు అదే జీవనాధారం. అయితే బండ తరలిపోయిన తరువాత దాని అంచుల నుంచి రాలిన ముక్కలు అక్కడే మిగిలిపోతాయి. గనుల పక్కన, బాటల వెంబడి అవి గుట్టలుగా పేరుకుంటాయి. అమ్మిన బండకు లెక్క ఉంటుంది. మిగిలిన ముక్కకు లెక్క ఉండదు. కాలం గడిచేకొద్దీ ఆ ముక్కలే కొత్త తవ్వకానికి అడ్డం వస్తాయి.

వేసవి రాత్రులలో ఆ ఊరి మిద్దెల మీద పడుకొని ఆకాశం వైపు చూసేవారికి అప్పుడప్పుడు ఒక వింత కనిపిస్తుంది. నక్షత్రాల నడుమ ఒక చుక్క మినుకుమనకుండా, నిదానంగా ఒక దిక్కు నుంచి మరొక దిక్కుకు సాగిపోతుంది. అది మానవుడు నిర్మించి పైకి పంపిన ఉపగ్రహం. కంటికి కనిపించే ఆ ఒక్క చుక్క వెనుక కనిపించనివి వేలాదిగా ఉన్నాయి. పని ముగిసిన ఉపగ్రహాలు, కాలిపోయిన రాకెట్ల ఖాళీ తొట్లు, విరిగిన రేకులు, మరమేకులు, రంగు పెచ్చులు భూమి చుట్టూ ఎడతెగక తిరుగుతున్నాయి. వీటినే అంతరిక్ష వ్యర్థాలు అంటారు. రాతిగనుల పక్కన పేరుకున్న గుట్టల వంటివే ఇవీ. ఒక్కటే భేదం. రాతిముక్క కదలక పడి ఉంటుంది. అంతరిక్షంలోని ముక్క సెకనుకు ఏడెనిమిది కిలోమీటర్ల వేగంతో పరుగులు తీస్తుంది. తుపాకి గుండు వేగం దానికంటె ఎంతో తక్కువ.

మన దేశం నుంచి ఆకాశానికి బాట వేసిన పెద్దలలో విక్రమ్ సారాభాయి తరువాత చెప్పుకోదగినవారు సతీష్ ధావన్. బాట వేసినవాని జీవితం తెలిస్తేనే ఆ బాటను శుభ్రంగా ఉంచుకోవలసిన అవసరం కూడా తెలుస్తుంది.

సతీష్ ధావన్ 1920 సెప్టెంబరు 25వ తేదీన శ్రీనగరంలో జన్మించారు. తండ్రి ప్రభుత్వ సేవలో ఉన్నత స్థానాలు అలంకరించినవారు. ధావన్ విద్యాభ్యాసం లాహోరులోని పంజాబు విశ్వవిద్యాలయంలో సాగింది. ఆయన చదివిన చదువుల వరుస చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. గణితం, భౌతికశాస్త్రాలతో పట్టభద్రులయ్యారు. ఆపై ఆంగ్లసాహిత్యంలో ఎం.ఏ. పట్టా పొందారు. అంతటితో ఆగక 1945లో మెకానికల్ ఇంజనీరింగులో పట్టా సాధించారు. శాస్త్రం వేరు, సాహిత్యం వేరు అనే గోడలు ఆయన మనసులో ఎన్నడూ లేవు. యంత్రాన్ని, మనిషిని ఒకే చూపుతో అర్థం చేసుకోగల శక్తి ఆయనకు ఈ చదువుల కలయిక వలననే అలవడిందని చెప్పవచ్చు.

బెంగళూరులోని హిందుస్థాన్ విమాన కర్మాగారంలో కొద్దికాలం పనిచేసిన తరువాత ధావన్ పైచదువులకై అమెరికా వెళ్ళారు. మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో 1947లో ఎం.ఎస్. పూర్తిచేశారు. అక్కడి నుంచి కాలిఫోర్నియా సాంకేతిక విద్యాసంస్థలో చేరి, హాన్స్ లీప్‌మన్ అనే ప్రసిద్ధ ఆచార్యుని వద్ద పరిశోధన సాగించి 1951లో డాక్టరేటు పొందారు. గాలి ఒక వస్తువు ఉపరితలాన్ని ఒరసుకుంటూ ప్రవహించేటప్పుడు పుట్టే ఘర్షణను సూటిగా కొలవడం ఆయన పరిశోధన విషయం. విమానానికి, రాకెట్టుకు ప్రాణప్రదమైన విషయమిది. విదేశంలో స్థిరపడడానికి అవకాశాలు ఉన్నా ఆయన స్వదేశానికి తిరిగి వచ్చారు. అప్పటికే దేశం రెండుగా చీలింది. తాను చదువుకున్న లాహోరు పరదేశమైపోయింది. బెంగళూరు ఆయనకు కర్మభూమి అయింది.

1951లో ధావన్ భారతీయ విజ్ఞాన సంస్థలో చేరారు. 1955 నాటికి విమాన ఇంజనీరింగు శాఖకు అధిపతి అయ్యారు. ధ్వనివేగాన్ని మించిన వేగంతో గాలిని పంపి పరీక్షలు జరిపే వాయుసొరంగాన్ని దేశంలో మొట్టమొదటగా అక్కడ నిర్మించారు. ఖరీదైన పరికరాలు విదేశాల నుంచి తెప్పించుకునే స్తోమత సంస్థకు లేని రోజులవి. దొరికిన వస్తువులతో, విద్యార్థుల చేతి శ్రమతో పరికరాలను సమకూర్చుకోవడం ఆయన పద్ధతి. తరువాత ఆ సంస్థకే సంచాలకులై 1981 వరకు ఆ బాధ్యత నిర్వహించారు. అంత చిన్న వయసులో ఆ పదవిని చేపట్టినవారు గాని, అంత దీర్ఘకాలం నిర్వహించినవారు గాని మరొకరు లేరు. గ్రామాల అవసరాలకు శాస్త్రసాంకేతిక విజ్ఞానాన్ని వినియోగించే ఆస్త్ర అనే విభాగం 1974లో ఆ సంస్థలో వెలసింది కూడా ఆయన హయాములోనే. పొయ్యి నుంచి రాకెట్టు వరకు ఏదీ శాస్త్రజ్ఞునికి చిన్నపని కాదన్నది ఆయన ఆచరణ.

1971 డిసెంబరు 30వ తేదీన విక్రమ్ సారాభాయి ఆకస్మికంగా మరణించారు. అంకురించిన అంతరిక్ష కార్యక్రమం సారథి లేని రథమైంది. ఆ సమయంలో ధావన్ సెలవు మీద కాలిఫోర్నియాలో అధ్యాపకులుగా ఉన్నారు. అంతరిక్ష కార్యక్రమ బాధ్యతను స్వీకరించవలసిందిగా ప్రధాని ఇందిరాగాంధీ ఆయనను కోరారు. ఆయన రెండు షరతులు పెట్టారు. విజ్ఞాన సంస్థ సంచాలకత్వాన్ని వదలబోనన్నది మొదటిది. అంతరిక్ష కార్యక్రమానికి కేంద్రస్థానం బెంగళూరులో ఉండాలన్నది రెండవది. ప్రధాని అంగీకరించారు. ధావన్ తిరిగివచ్చేదాకా ఎం.జి.కె. మీనన్ ఆ బాధ్యత మోశారు. 1972లో అంతరిక్ష సంఘం, అంతరిక్ష శాఖ ఏర్పడ్డాయి. ఆ సంవత్సరమే పదవి చేపట్టిన ధావన్ 1984 వరకు భారత అంతరిక్ష పరిశోధన సంస్థకు, అనగా ఇస్రోకు అధ్యక్షులుగా ఉన్నారు.

శ్రీహరికోటకు ఆయనకు ముడిపడిన బంధం అప్పుడే ఆరంభమైంది. ఒక వైపు బంగాళాఖాతం, మరొక వైపు పులికాట్ సరస్సు. ఆ రెండింటి నడుమ అడవితో నిండిన దీవి శ్రీహరికోట. ఆనాడు నెల్లూరు జిల్లాలో ఉన్న ఈ దీవి 2022 నుంచి తిరుపతి జిల్లాలో ఉంది. తూర్పున విశాలమైన సముద్రం ఉండడం దానికి గల పెద్ద అనుకూలత. రాకెట్టు పైకి పోతున్నకొద్దీ అడుగుదశలు ఒక్కొక్కటిగా విడిపోయి కింద పడతాయి. విఫలమైతే రాకెట్టే కూలవచ్చు. పడేది ఏదైనా జనావాసాల మీద కాక సముద్రంలో పడాలి. అంటే శ్రీహరికోటను ఎంపిక చేయడంలోనే పైకి పోయే వస్తువుతోపాటు కిందికి వచ్చే వస్తువు గురించిన ఆలోచన కూడా ఇమిడి ఉన్నది. 1969లో ఎంపికైన ఈ దీవి నుంచి 1971 అక్టోబరు 9వ తేదీన మొదటి చిన్న రాకెట్టు ఎగిరింది.

ఆ దీవి నిర్మానుష్యం కాదు. తరతరాలుగా యానాదులు అక్కడి అడవిని, సరస్సును నమ్ముకొని జీవిస్తూ వచ్చారు. ప్రయోగకేంద్రం కోసం వారు తమ తావులు వదలవలసి వచ్చింది. వారి బాగోగుల గురించి, దీవిలోని చెట్టుచేమల గురించి ధావన్ శ్రద్ధ చూపేవారు. పులికాట్ సరస్సుకు ఏటా వలస వచ్చే పక్షులంటే ఆయనకు ఎనలేని మక్కువ. రెక్కను ఏ కోణంలో తిప్పితే పక్షి గాలిలో నిలుస్తుందో గంటల తరబడి పరిశీలించేవారు. పదవీ విరమణ చేసిన తరువాత పక్షుల ఎగురుడు గురించి ఒక శాస్త్రగ్రంథమే రచించారు. అది 1991లో వెలువడింది. వేల మైళ్ళు ఎగిరివచ్చే కొంగ తన దారిలో ఏ చెత్తనూ వదలదు. మనిషి ఎగురుడుకు ఆ నేర్పు ఇంకా అబ్బలేదు.

ధావన్ నాయకత్వంలో 1975 ఏప్రిల్ 19వ తేదీన మన మొదటి ఉపగ్రహం ఆర్యభట సోవియట్ రాకెట్టు మీద అంతరిక్షానికి చేరింది. దాని బరువు 360 కిలోలు. విద్యుత్ సరఫరాలో లోపం ఏర్పడి కొద్దిరోజులకే దానిలోని ప్రయోగాలు నిలిచిపోయాయి. అయినా ఉపగ్రహం నిర్మించి నడపగలమన్న ధైర్యం దేశానికి చేకూరింది. అదే సంవత్సరం ఆగస్టు 1 నుంచి ఒక ఏడాదిపాటు అమెరికా ఉపగ్రహం సహాయంతో ఆంధ్రప్రదేశ్ సహా ఆరు రాష్ట్రాలలోని 2400 గ్రామాలకు దూరదర్శన్ కార్యక్రమాలు ప్రసారమయ్యాయి. కరెంటు సరిగా ఎరుగని పల్లెలలో జనం గుమిగూడి వ్యవసాయం, ఆరోగ్యం, చదువులకు సంబంధించిన కార్యక్రమాలు చూశారు. అంతరిక్షం సంపన్నదేశాల వేడుక కాదని, పేదవాని పొలానికి, బడికి, వానకబురుకు పనికివచ్చే సాధనమని ధావన్ నమ్మిక.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఆర్యభట పని ముగిసిన తరువాత కూడా భూమి చుట్టూ తిరుగుతూనే ఉన్నది. 1992 ఫిబ్రవరిలో గాని అది వాతావరణంలోకి దిగి కాలిపోలేదు. అంటే సుమారు పదిహేడేళ్ళు అది ఆకాశంలో ఉన్నది. ఎత్తును బట్టి ఈ ఆయుర్దాయం మారుతుంది. మూడు వందల కిలోమీటర్ల ఎత్తులో తిరిగే వస్తువును పలుచని గాలి ఒరసి ఒరసి కొద్ది నెలలలోనే కిందికి దించుతుంది. ఎనిమిది వందల కిలోమీటర్ల ఎత్తులో ఉన్నది దిగడానికి శతాబ్దాలు పడుతుంది. ముప్ఫయ్యారు వేల కిలోమీటర్ల ఎత్తులోని భూస్థిర కక్ష్యలో గాలి ఒరపిడే లేదు. అక్కడ వదిలినది అక్కడే ఉంటుంది.

1978లో డొనాల్డ్ కెస్లర్, బర్టన్ కూర్ పలే అనే ఇద్దరు అమెరికా శాస్త్రజ్ఞులు ఒక ప్రమాదాన్ని లెక్కగట్టి చూపారు. కక్ష్యలో వస్తువులు పెరిగేకొద్దీ అవి ఒకదానితో ఒకటి ఢీకొనే అవకాశం పెరుగుతుంది. ఢీకొన్న ప్రతిసారీ వందల ముక్కలు పుడతాయి. ఆ ముక్కలు మరికొన్నింటిని ఢీకొంటాయి. ఒక దశ దాటితే కొత్తగా ఏమీ పంపకపోయినా ముక్కలు వాటంతటవే పెరుగుతూ పోతాయి. ఎండుగడ్డి వామికి నిప్పంటుకుంటే ఒకదాని నుంచి మరొకదానికి పాకినట్లు ఈ విధ్వంసం పాకుతుంది. ఆనాడు ఈ హెచ్చరికను విన్నవారు కొద్దిమందే.

మరుసటి సంవత్సరమే ఆకాశం నుంచి పడే వస్తువుల భయం మన పల్లెలను చుట్టుముట్టింది. 1973లో అమెరికా కక్ష్యలో నిలిపిన స్కైలాబ్ అనే ప్రయోగశాల బరువు దాదాపు 77 టన్నులు. అందులోని వ్యోమగాములు 1974లో తిరిగివచ్చిన తరువాత అది ఖాళీగా తిరుగుతూ ఉన్నది. సూర్యుని చురుకుదనం పెరిగి పైవాతావరణం ఉబ్బడంతో అది అనుకున్నదానికంటె ముందే దిగసాగింది. ఎక్కడ పడుతుందో ఎవరూ కచ్చితంగా చెప్పలేకపోయారు. తెలుగునాట పల్లెపల్లెనా స్కైలాబ్ కబురే. లోకం అంతమవుతుందని కోళ్ళను, మేకలను కోసుకొని తిన్నవారు, సొత్తు అమ్ముకొని ఖర్చుచేసినవారు, గుళ్ళలో పూజలు జరిపించినవారు ఉన్నారు. 1979 జూలై 11వ తేదీన అది హిందూ మహాసముద్రంలోను, ఆస్ట్రేలియా పశ్చిమ ప్రాంతంలోను ముక్కలై పడింది. ఎవరికీ హాని జరగలేదు. ఆ రోజులలో పుట్టిన కొందరు పిల్లలకు ఆ పేరే మిగిలింది. అమాయకులని ఆ పల్లెవాసులను నవ్వుకోవడం తేలిక. కాని తమకు తెలియకుండా, తమ అనుమతి లేకుండా తమ నెత్తిమీద తిరుగుతున్న వస్తువును చూసి వారు భయపడ్డారు. ఆ భయంలో న్యాయమైన ప్రశ్న ఒకటి దాగి ఉన్నది. పైకి పంపినవాడు దించే బాధ్యత వహించడా అన్నదే ఆ ప్రశ్న.

స్కైలాబ్ కూలిన నెలరోజులకు శ్రీహరికోటలో మన దేశపు మొదటి ఉపగ్రహ వాహకనౌక ఎస్.ఎల్.వి.–3 ప్రయోగానికి సిద్ధమైంది. నాలుగు దశలు, 22 మీటర్ల ఎత్తు, 17 టన్నుల బరువు గల ఆ రాకెట్టు నిర్మాణానికి ఎ.పి.జె. అబ్దుల్ కలామ్ నిర్దేశకులు. 1979 ఆగస్టు 10వ తేదీన అది నేల విడిచింది. రెండవ దశలోని నియంత్రణ వ్యవస్థకు కావలసిన ద్రవం కారిపోవడంతో రాకెట్టు దారి తప్పింది. ఎగిరిన 317 సెకన్లకు బంగాళాఖాతంలో కూలిపోయింది. ఏళ్ళ తరబడి వందలమంది పడ్డ శ్రమ అయిదు నిమిషాలలో సముద్రం పాలైంది.

ఆనాడు ధావన్ ప్రవర్తించిన తీరు భారత శాస్త్రరంగంలో ఒక ఆదర్శగాథగా నిలిచిపోయింది. పత్రికలవారి ఎదుటకు ఆయనే స్వయంగా వెళ్ళారు. వైఫల్యానికి అధ్యక్షునిగా తానే బాధ్యుడనని ప్రకటించారు. తన బృందం మీద విశ్వాసం ఉన్నదని, మరుసటి ఏడు విజయం సాధిస్తామని తెలిపారు. పరిశీలన సంఘం ఏర్పడి లోపాన్ని అంగుళం అంగుళం వెదికింది. 1980 జూలై 18వ తేదీన అదే రాకెట్టు 35 కిలోల రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో నిలిపింది. స్వయంశక్తితో ఉపగ్రహాన్ని పంపగల కొద్దిపాటి దేశాల వరుసలో భారతదేశం చేరింది. ఆ రోజు పత్రికలవారి ముందుకు ధావన్ వెళ్ళలేదు. కలామ్‌ను, ఆయన బృందాన్ని పంపి తాను వెనుక నిలిచారు. ఓటమి వచ్చినప్పుడు ముందు, గెలుపు వచ్చినప్పుడు వెనుక నిలవడం నాయకత్వమని కలామ్ ఆ తరువాత జీవితమంతా చెబుతూ వచ్చారు.

కష్టాలు అంతటితో తీరలేదు. 1982 ఏప్రిల్‌లో ఎన్నో ఆశలతో పంపిన ఇన్సాట్–1ఏ ఉపగ్రహం ఇంధనం అయిపోయి ఆ సెప్టెంబరులోనే నిరుపయోగమైంది. దాని వెనుకనే 1983 ఆగస్టులో వెళ్ళిన ఇన్సాట్–1బి చక్కగా పనిచేసి దేశమంతటా దూరదర్శన్, టెలిఫోను, వాతావరణ సేవలను విస్తరింపజేసింది. నేడు తుపాను రాకను ముందుగా తెలుసుకొని మన కోస్తా ప్రజలు ప్రాణాలు దక్కించుకుంటున్నారంటే దాని వెనుక ఆనాటి కృషి ఉన్నది. ధావన్ 1984లో ఇస్రో అధ్యక్ష పదవి నుంచి విరమించారు. 1971లో పద్మభూషణ్, 1981లో పద్మవిభూషణ్ పురస్కారాలు ఆయనను వరించాయి. పదవిలో ఉన్నా లేకున్నా నిరాడంబరమైన జీవితమే ఆయనది.

2001 అక్టోబరు 22వ తేదీన శ్రీహరికోట నుంచి పి.ఎస్.ఎల్.వి.–సి3 అనే రాకెట్టు మూడు ఉపగ్రహాలను కక్ష్యలో చేర్చింది. ప్రయోగం సంపూర్ణ విజయం. అయితే పని ముగించుకున్న నాలుగవ దశ ఖాళీగా కక్ష్యలోనే తిరుగుతూ ఉన్నది. అందులో కొంత ఇంధనం మిగిలింది. ప్రయోగం జరిగిన రెండు నెలలకు, డిసెంబరు 19వ తేదీన ఆ దశ పేలి మూడు వందలకు మించిన ముక్కలైంది. గెలుపు గెలుపే. కాని ఆ గెలుపు వెనుక మిగిలిన శేషం ఆకాశంలో చెల్లాచెదురైంది. ఆ తరువాతి సంవత్సరాలలో ఆ ముక్కలలో చాలా భాగం దిగి కాలిపోయాయి. ప్రయోగం విఫలమైతే అందరూ చూస్తారు. విజయవంతమైన ప్రయోగం వదిలిన చెత్తను ఎవరూ చూడరు. చూడనిదాని గురించి కూడా ఆలోచించడమే అసలైన బాధ్యత.

ఆ సంఘటన జరిగిన పక్షం రోజులకు, 2002 జనవరి 3వ తేదీన సతీష్ ధావన్ బెంగళూరులో కన్నుమూశారు. అదే సంవత్సరం సెప్టెంబరు 5వ తేదీన శ్రీహరికోట కేంద్రానికి ఆయన పేరు పెట్టారు. సరిగ్గా వారం రోజులకు, సెప్టెంబరు 12వ తేదీన, పి.ఎస్.ఎల్.వి.–సి4 ఆ కేంద్రం నుంచి ఎగిరింది. ఉపగ్రహాన్ని విడిచిన తరువాత చివరిదశలో మిగిలిన ఇంధనాన్ని, పీడనాన్ని బయటికి వదిలి దానిని పేలకుండా చేసే పద్ధతిని ఇస్రో ఆ ప్రయోగంతోనే ఆరంభించింది. వంట ముగిసిన తరువాత పొయ్యిలో నిప్పు ఆర్పి, గ్యాసు మీట తిప్పి ఇల్లు విడిచే గృహిణి జాగ్రత్త వంటిదే ఇది. తప్పును ఒప్పుకొని దాని కారణం వెదికి దిద్దుకోవడం 1979లో ధావన్ నేర్పిన పాఠం. ఆయన పేరు ధరించిన కేంద్రం నుంచి ఆ పాఠం ఈ విధంగా కొనసాగడం ఆయనకు తగిన నివాళి.

ఈలోగా ప్రపంచంలో పరిస్థితి విషమించింది. 2007 జనవరి 11వ తేదీన చైనా తన పాత వాతావరణ ఉపగ్రహాన్ని క్షిపణితో పేల్చివేయగా మూడు వేలకు మించిన ముక్కలు పుట్టాయి. 2009 ఫిబ్రవరి 10వ తేదీన అమెరికా ఉపగ్రహం ఒకటి, పనిచేయని రష్యా ఉపగ్రహం ఒకటి దాదాపు 790 కిలోమీటర్ల ఎత్తులో ఢీకొని రెండు వేలకు పైగా ముక్కలయ్యాయి. 2019 మార్చి 27వ తేదీన మన దేశం కూడా క్షిపణితో తన ఉపగ్రహాన్ని ఛేదించే పరీక్ష జరిపింది. ముక్కలు త్వరగా దిగిపోవాలని మూడు వందల కిలోమీటర్లలోపు ఎత్తును ఎన్నుకున్నారు. అయినా కొన్ని ముక్కలు పైకి ఎగసి కొంతకాలం తిరిగాయి. ఆ పరీక్ష విమర్శలకు అతీతం కాలేదు. నేడు రాడార్లతో గమనిస్తున్న వస్తువులు సుమారు నలభై వేలు. సెంటీమీటరుకు మించిన ముక్కలు పది లక్షలకు పైగా ఉంటాయని నిపుణుల అంచనా. అంతటి చిన్న ముక్క కూడా ఒక ఉపగ్రహాన్ని పనికిరాకుండా చేయగలదు. ఆ ఉపగ్రహం తుపాను కబురు చెప్పేది కావచ్చు, జాలరికి దారి చూపేది కావచ్చు. ఆకాశంలోని ప్రమాదం చివరికి నేలమీది మనిషినే తాకుతుంది.

అందుకే కాపలా అవసరమైంది. అనేక వస్తువులను ఒకేసారి గమనించే రాడారు శ్రీహరికోటలో పనిచేస్తున్నది. ఉపగ్రహాల భద్రతను కనిపెట్టి ఉండే ప్రత్యేక కేంద్రాన్ని ఇస్రో బెంగళూరులో 2022 జూలై 11వ తేదీన ప్రారంభించింది. స్కైలాబ్ కూలి అప్పటికి సరిగ్గా నలభై మూడేళ్ళు. 2023 జూలై 30వ తేదీన పి.ఎస్.ఎల్.వి.–సి56 ప్రయోగాన్ని ఒక నిమిషం ఆలస్యంగా జరిపారు. దారిలో వ్యర్థశకలం ఎదురుపడే అవకాశం ఉండడమే అందుకు కారణం. అదే సంవత్సరం మార్చి 7వ తేదీన పని ముగిసిన మేఘా–ట్రోపిక్స్ ఉపగ్రహాన్ని అదుపులో ఉంచి పసిఫిక్ మహాసముద్రం మీదుగా దించారు. 2030 నాటికి భారతదేశపు ప్రయోగాలన్నీ వ్యర్థరహితంగా ఉండాలని 2024లో సంకల్పం ప్రకటించారు. సంకల్పం గొప్పది. అది నెరవేరడం ఒక్క దేశం చేతిలో లేదు. భూమి చుట్టూ ఉన్న కక్ష్యలకు సరిహద్దురాళ్ళు లేవు. ఒకరు వదిలిన ముక్క అందరికీ ప్రమాదమే.

సీమ రైతు జొన్న కోసిన తరువాత చేనును అట్లాగే వదలడు. కొయ్యకాళ్ళు పెరికి, రాళ్ళు ఏరి గట్టున వేసి, నేలను వచ్చే కారుకు సిద్ధం చేస్తాడు. పంట తనది, చేను తన బిడ్డలది అని అతనికి తెలుసు. సతీష్ ధావన్ అంతరిక్షంలో అటువంటి సేద్యం ఆరంభించిన కృషీవలుడు. విత్తనం మొలవకపోతే తప్పు తనదన్నారు. పంట పండితే ఘనత కూలివారిదన్నారు. ఆ చేనును శుభ్రంగా ఉంచి తరువాతివారికి అప్పగించడం నేటివారి వంతు. రేపు శ్రీహరికోటలోనో, బెంగళూరులోనో పనిచేయబోయే శాస్త్రజ్ఞులు నేడు బేతంచెర్ల వంటి ఊళ్ళలో చదువుకుంటున్న విద్యార్థులే. మిద్దె మీద పడుకొని కదిలే చుక్కను చూసినప్పుడు అది ఎంత ఎత్తుకు చేరిందోనని ఆశ్చర్యపోవడంతో వారు ఆగరాదు. పని ముగిసిన తరువాత అది ఎట్లా దిగివస్తుందని కూడా వారు ప్రశ్నించాలి.

అభ్యాసం

వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. ఎస్.ఎల్.వి.–3 ప్రయోగాల సందర్భంలో సతీష్ ధావన్ నాయకత్వ లక్షణాలను వివరించండి.
2. అంతరిక్ష వ్యర్థాలు ఏర్పడే విధానాన్ని, వాటి వలన కలిగే ప్రమాదాన్ని పాఠం ఆధారంగా చర్చించండి.

సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. ప్రయోగకేంద్రానికి శ్రీహరికోట ఏ విధంగా అనుకూలమైనది?
2. స్కైలాబ్ పతనం నాటి తెలుగు పల్లెల పరిస్థితిని తెలపండి.
3. పి.ఎస్.ఎల్.వి.–సి3 చివరిదశ పేలుడు నుంచి శాస్త్రజ్ఞులు నేర్చుకున్న పాఠం ఏమిటి?
4. ధావన్‌ను అంతరిక్ష కృషీవలుడని రచయిత ఎందుకు పేర్కొన్నారు?

ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. సతీష్ ధావన్ ఎక్కడ జన్మించారు?
2. ఆర్యభట ఉపగ్రహం ఏ సంవత్సరంలో కక్ష్యకు చేరింది?
3. ధావన్ పరిశీలించిన పక్షులు ఏ సరస్సుకు వలస వచ్చేవి?